జిన్నింగ్ మిల్లుకు కార్డ్‌లెస్ ఫోన్లు: యీలింక్ డబ్ల్యూ70బి బేస్, డబ్ల్యూ73హెచ్, డబ్ల్యూ59ఆర్ సెట్ల సమీక్ష

మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్, కుండల్‌వాడి, బిలోలి, దెగ్లూర్ వైపు జిన్నింగ్ మిల్లు (పత్తి నుంచి గింజ తీసి దూదిని బేళ్లు కట్టేది) అంటే ఒకే కాంపౌండులో పది చోట్ల పని. గేటు ముందు పత్తి బండ్ల వరుస, లోపల కాంటా, యార్డులో తేమ చూసి ధర కట్టే మనిషి, జిన్ను హాలు, ప్రెస్సు, బేళ్ల గోదాము, సర్కీ (పత్తి గింజల) గోదాము, ఆఫీసు. వీళ్ల మధ్య మాటంతా సొంత మొబైళ్ల మీద నడుస్తుంటే సీజన్‌లో రోజుకు పదిసార్లు పని ఆగుతుంది. రేకుల షెడ్డులో సిగ్నల్ అందదు. సరిహద్దు అవతలే తెలంగాణ కాబట్టి సెల్లు కాసేపు ఇటు టవరును, కాసేపు అటు టవరును పట్టుకుంటుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు, నంబరు మనిషి జేబులో ఉండడం. షిఫ్టు మారితే కాంటా మీద ఎవరున్నారో కనుక్కుని, ఆయన నంబరు వెతికి, అప్పుడు ఫోన్ చేయాలి. 202 కొడితే కాంటా పలకాలి, అక్కడ ఎవరు కూర్చున్నా సరే. మిల్లుకు కార్డ్‌లెస్ సిస్టమ్ కావాల్సింది ఇందుకే.

ఈ పనికి డీలర్లు చూపించే వాటిలో యీలింక్ కంపెనీ డబ్ల్యూ70బి బేస్ (ఒకచోట ఉండి హ్యాండ్‌సెట్లను రేడియోతో కలిపే పెట్టె), దానికి డబ్ల్యూ73హెచ్ లేదా డబ్ల్యూ59ఆర్ హ్యాండ్‌సెట్ల జత ఒకటి. ముందే తీర్పు చెప్పేస్తాం. ఆఫీసు, కాంటా, గేటు, ఒక జిన్ను హాలు దగ్గరదగ్గరగా ఉండి, ఫోన్లు ఎనిమిదికి మించని మిల్లుకు ఇది మంచి కొనుగోలు. బేళ్ల గోదాము వెనకెక్కడో విడిగా ఉండి, మాట్లాడుతూ అటూ ఇటూ తిరిగే మనుషులుంటే మాత్రం ఇది సరిపోదు, పైమెట్టు సిస్టమ్‌కే వెళ్లాలి. మీ మిల్లు ఈ రెండింటిలో ఏ కోవలోకి వస్తుందో బ్రోషర్ చూసి తేల్చుకోలేరు. మిల్లంతా నడిచి చూడాల్సిందే.

ఇది డెక్ట్ పద్ధతి ఫోను, అంటే కార్డ్‌లెస్ ఫోన్ల రేడియో ప్రమాణం మీద నడిచేది. యూరప్ రకం సెట్లు 1880 నుంచి 1900 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. ఆ జాగాను 10 చానళ్లుగా విడగొట్టి, ఒక్కో చానల్‌లో 10 మిల్లీసెకన్ల కాలాన్ని 24 ముక్కలు చేసి, 12 ముక్కలు పోవడానికి, 12 రావడానికి వాడుకుంటాయి. మొత్తం 120 మాటల దారులు. ఏ దారి ఖాళీగా ఉందో సెట్టే వెతుక్కుంటుంది కాబట్టి మనం చానల్ నంబర్లు పెట్టే పని లేదు. వైఫై 2.4, 5 గిగాహెర్ట్జ్‌లలో ఉంటుంది గనుక దానితో తగాదా లేదు. ఇది మన దేశానికి కొత్త పద్ధతి కూడా కాదు. ఐఐటీ మద్రాసులో పుట్టిన కార్‌డెక్ట్, తీగ లేకుండా ఊళ్లకు ఫోను తీసుకెళ్లడానికి ఇదే ప్రమాణం మీద కట్టిన వ్యవస్థ.

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే అమెరికా సెట్ల జోలికి మాత్రం పోవద్దు. పెట్టె మీద డెక్ట్ 6.0 అని ఉంటే అది 1920 నుంచి 1930 మెగాహెర్ట్జ్‌లో నడుస్తుంది. మన దగ్గర 2100 బ్యాండులో మొబైల్ నుంచి టవరుకు పోయే సిగ్నల్ 1920 నుంచి 1980 దాకా ఉంటుంది. అంటే మీ ఫోను నేరుగా మొబైల్ కంపెనీ దారిలో కూర్చుంటుంది. అమెరికా హ్యాండ్‌సెట్, యూరప్ బేస్ ఒకదానికొకటి జతకావు కూడా. బిల్లు కట్టేముందు డబ్ల్యూపీసీ (కేంద్ర ప్రభుత్వ రేడియో అనుమతుల విభాగం) వారి ఈటీఏ అనుమతి పత్రం ఉన్న భారత మోడలేనా అని డీలర్‌ను అడిగి, ఆ కాపీ తీసుకోండి.

డబ్ల్యూ70బి లెక్కలు ఇవి. ఒక బేస్‌కు 10 హ్యాండ్‌సెట్లు, 10 ఎస్‌ఐపీ అకౌంట్లు (నెట్‌వర్క్ మీద నడిచే ఫోన్ నంబర్లు). ఒకేసారి 20 కాల్స్ అని రాసి ఉంటుంది, కానీ అది హ్యాండ్‌సెట్‌కు రెండేసి లెక్క, ఒకటి మాట్లాడుతుంటే ఒకటి హోల్డ్‌లో. నిజంగా నోట మాట నడిచేది పదింటిలోనే, మిల్లుకు అది ఎక్కువే. పది ఫోన్ల హద్దునే గట్టిగా చూసుకోవాలి. పైన చెప్పిన చోట్లు లెక్కపెట్టండి: గేటు, కాంటా, యార్డు, జిన్ను ఫోర్‌మెన్, ప్రెస్సు ఫోర్‌మెన్, ఎలక్ట్రీషియన్, రెండు గోదాములు, ఆఫీసు, యజమాని. పది అయిపోయాయి. నూనె గానుగ పెడితే దానికి చోటు లేదు, ఒక సెట్టు పాడైతే పక్కన జతచేసి పెట్టుకున్న స్పేర్ ఉండదు. ఎనిమిది దాటితే ఆలోచించమన్నది అందుకే.

దూరం సంగతి. లోపల 50 మీటర్లు, బయలు జాగాలో 300 మీటర్లు అని కంపెనీ రాస్తుంది. బయలు లెక్క యార్డులో దాదాపు నిజమే. లోపలి లెక్క ఇటుక గోడల ఆఫీసుకు చెప్పింది, రేకుల షెడ్డుకు కాదు. ఇనుప రేకు రేడియోను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. షట్టర్ తెరిచి ఉన్నప్పుడు లోపల బాగా వినిపించిన ఫోను, షట్టర్ దించగానే మూగబోతుంది. బేళ్లు ఇంకో గోడ. ఒక్కోటి 170 కిలోల గట్టి దూది, చుట్టూ ఇనుప పట్టీలు, లోపల తేమ. అవి తలకు మించి పేర్చితే ఆ సందుల్లో సిగ్నల్ చచ్చిపోతుంది. ఇన్‌స్టాలర్లకు ఖాళీ ఉండేది జూన్, జులైల్లో. గోదాము ఖాళీగా ఉండేదీ అప్పుడే. అప్పుడు పరీక్షించి చేతులు దులుపుకుంటే జనవరిలో గోదాము నిండాక ఫోన్లు పలకవు. పరీక్ష నిండు సీజన్‌లో, యంత్రాలన్నీ నడుస్తుండగా చేయించాలి. వీలుకాకపోతే కనీసం షట్టర్లన్నీ దింపి చేయించి, గోదాము వరకు ఇంకో బేస్ కావాల్సి వస్తుందనే లెక్కతోనే కేబుల్ లాగించాలి.

పరీక్షకు ఖరీదైన పరికరం అక్కర్లేదు. ఒక బేస్, రెండు హ్యాండ్‌సెట్లు, ఒక పీఓఈ ఇంజెక్టర్ (నెట్‌వర్క్ తీగలోనే కరెంటు పంపే పెట్టె), 50 మీటర్ల నెట్‌వర్క్ కేబుల్ చుట్ట, ఒక వెదురు గడ. బేస్‌ను గడకు కట్టి, పెట్టాలనుకున్న చోట అనుకున్న ఎత్తులో నిలబెట్టాలి. ఒకరు బేస్ దగ్గర, ఒకరు నడుస్తూ, నడిచే మనిషి ఒకటి నుంచి వంద దాకా లెక్కపెడుతూ పోవాలి. వినే మనిషి ఏ అంకె తెగిందో రాసుకోవాలి. ఆ అంకె దగ్గర నడిచే మనిషి ఎక్కడున్నాడో మిల్లు ప్లాను మీద గుర్తు పెట్టాలి. తెరమీది సిగ్నల్ గీతలను నమ్మొద్దు, చెవినే నమ్మండి. హ్యాండ్‌సెట్‌ను మనిషి ఎలా వాడతాడో అలాగే పట్టుకోవాలి. నడుముకు తగిలించుకుని అవతలివైపు తిరిగితే ఒళ్లే సిగ్నల్‌కు అడ్డం.

గీతలు నిండుగా ఉండి కూడా మాట గరగరలాడడం జిన్ను హాళ్లలో తరచూ కనిపించే జబ్బు. చాలామంది దీన్ని సిగ్నల్ తక్కువనుకుని రిపీటర్ (సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపే పెట్టె) తెచ్చి పెడతారు, జబ్బు ముదురుతుంది. అసలు కారణం వేరు. పైన రేకు, పక్కన రేకు, మధ్యలో వరుసగా జిన్నులు, గాలి గొట్టాలు, అన్నీ ఇనుమే. ఒకే సిగ్నల్ పది దారుల్లో తగిలి తగిలి వెనకా ముందుగా చేరుతుంది. పెద్ద ఇనుప షెడ్డులో వచ్చే ఆ ఆలస్యపు తేడాను సరిచేసుకునే ఏర్పాటు మామూలు డెక్ట్ సెట్లలో ఉండదు. మందు ఏమిటంటే, నేరుగా వచ్చే సిగ్నల్‌ను మిగతా ప్రతిధ్వనుల కంటే బలంగా ఉంచడం. బేస్‌ను పైన ట్రస్ మీద నుంచి దించి, హాలు పొడుగు గోడకు మధ్యలో, మనుషులు నిలబడే వైపు కనపడేలా రెండున్నర, మూడు మీటర్ల ఎత్తులో పెట్టాలి. ఇనుప కాలమ్‌కు అతికించకూడదు. చెక్క పలక మీదో ప్లాస్టిక్ బ్రాకెట్ మీదో ఇనుముకు ఒక అడుగు ఎడంగా నిలపాలి. రెండు అడుగులు జరిపితేనే తేడా తెలుస్తుంది కాబట్టి, గోడకు డ్రిల్లు వేసేముందు గడ మీదే జరిపి జరిపి చూడాలి.

బేస్‌ను వైఫై రౌటర్ నెత్తిన, ఎన్‌వీఆర్ (సీసీటీవీ రికార్డర్) పక్కన పెట్టే అలవాటు మానిపించండి, మీటరు దూరం ఉంచండి. ప్రహరీ పక్కనే సెల్ టవరు ఉంటే ఇంకో జాగ్రత్త: 1800 బ్యాండులో టవరు పంపే సిగ్నల్ 1880 మెగాహెర్ట్జ్ దగ్గర ముగుస్తుంది, డెక్ట్ సరిగ్గా అక్కడే మొదలవుతుంది. అటువైపు గోడకు బేస్ వద్దు. అనుమతి లేని మొబైల్ బూస్టర్ ఎవరైనా పెట్టి ఉంటే ముందు దాన్ని తీయించండి, అది చట్టానికీ విరుద్ధం, మీ ఫోన్లకూ చేటు.

ఇక కేబుల్. బేస్‌కు అడాప్టర్ వస్తుంది గాని దాన్ని వాడకండి. పీఓఈ స్విచ్ నుంచి ఒక్క కేట్6 తీగలోనే కరెంటూ డేటా రెండూ పోనివ్వండి. డబ్ల్యూ70బి 802.3ఏఎఫ్ క్లాస్ 1 రకం, నాలుగు వాట్ల లోపు తింటుంది. లాభం ఏమిటంటే ఆఫీసులో ఒక్క యూపీఎస్ ఉంటే చాలు, బేస్ దగ్గర ప్లగ్గు పాయింట్ అవసరం లేదు. పెద్ద మోటార్లు స్టార్ట్ అయినప్పుడల్లా వోల్టేజీ కుంగి, అడాప్టర్ మీదున్న బేస్ ఆగి మళ్లీ లేస్తుంది. అది పూర్తిగా లేచేదాకా ఫోన్లన్నీ బేస్‌ను వెతుక్కుంటూ మూగగా ఉంటాయి. 'రోజూ పొద్దున షిఫ్టు ఎక్కగానే ఫోన్లు పోతాయి' అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

కేట్6 హద్దు 100 మీటర్లు, ప్యాచ్ తీగలతో కలిపి. మోటారు కేబుళ్ల ట్రేలోనే దీన్ని వేయడం పెద్ద తప్పు. కనీసం అడుగు దూరం, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించాలి. సర్కీ ఉన్నచోట ఎలుకలు తప్పవు, కాబట్టి గోదాము వైపు జీఐ పైపులోనే లాగండి. ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకు బయటి నుంచి రాగి తీగ అసలు వద్దు. పిడుగు పక్కన పడినా రెండు షెడ్ల ఎర్తింగ్ మధ్య తేడా వచ్చి స్విచ్, బేస్, పీబీఎక్స్ (ఫోన్లన్నిటినీ కలిపే చిన్న ఎక్స్ఛేంజ్ పెట్టె) వరసగా కాలిపోతాయి. అక్కడ ఆర్మర్డ్ ఫైబర్, రెండు చివర్లా ఫైబర్‌ను రాగి తీగకు కలిపే మీడియా కన్వర్టర్లు, అవతల చిన్న పీఓఈ స్విచ్. ఖర్చు కొంచెం ఎక్కువే. అయినా ఒక్క వానాకాలం గడిస్తే ఆ డబ్బు దండగ అనిపించదు.

యూపీఎస్ లెక్క ఎవరికి వారే వేసుకోవచ్చు. బేస్, ఎనిమిది పోర్టుల పీఓఈ స్విచ్, చిన్న ఐపీ పీబీఎక్స్, ఫైబర్ మోడెం కలిపి 35 వాట్ల దగ్గర అనుకోండి. 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఉన్న మామూలు కంప్యూటర్ యూపీఎస్ కాగితం మీద 84 వాట్ అవర్లు, చేతికొచ్చేది 50. గంటన్నర కూడా రాదు. ఆఫీసులో 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఇన్వర్టర్ ఉంటే సగం వాడుకున్నా రోజంతా వస్తుంది. దానికే తగిలించండి, మారే క్షణంలో తెగకుండా మధ్యలో చిన్న యూపీఎస్ ఒకటి ఉంచండి.

బేస్ ఒక్కటీ ఫోన్ సిస్టమ్ కాదు, దాని వెనక పీబీఎక్స్ కావాలి. నెలకింత అని క్లౌడ్ పీబీఎక్స్ అమ్మేవారు వస్తారు. ఊరి ఆఫీసుకు అది బాగానే ఉంటుంది. మిల్లుకు మాత్రం వద్దంటాం. రోడ్డు పనిలో ఫైబర్ తెగిన రోజు గేటు నుంచి కాంటాకు కూడా ఫోన్ పోదు, ఆ కాల్ క్లౌడ్ దాకా వెళ్లి రావాలి కాబట్టి. చిన్న పెట్టె ఆఫీసులోనే ఉంటే ఇంటర్నెట్ పోయినా లోపలి మాట నడుస్తుంది. గ్రాండ్‌స్ట్రీమ్ యూసీఎం6301లో ఒక ల్యాండ్‌లైన్ పోర్టు ఉంటుంది, 6302లో రెండు. మిల్లుకు ఒక బయటి లైను ఉన్నా 6302 తీసుకోవడమే మేలు, రెండో పోర్టు ఎప్పుడో ఒకప్పుడు అవసరం పడుతుంది.

బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్ మోడెం వెనకున్న ఫోన్ పోర్టు నుంచి పీబీఎక్స్ ఎఫ్‌ఎక్స్‌ఓ (బయటి లైను) పోర్టుకు తీగ కలిపితే బయటి లైను వచ్చినట్టే. ఇక్కడ రెండు చిక్కులు వస్తాయి. మొదటిది, అవతలివాళ్లు పెట్టేసినా లైను విడవకపోవడం. తర్వాత గంటసేపు బిజీ. పీబీఎక్స్‌లో దేశం ఇండియా అని పెట్టి, బిజీ టోన్ 400 హెర్ట్జ్, 0.75 సెకను మోత, 0.75 సెకను మౌనం అని చూసుకోవాలి. మోడెం వేరే తీరు టోన్ ఇస్తుంటే పీబీఎక్స్‌లోని టోన్ గుర్తింపు పరీక్షను నడిపి ఆ విలువలే రాయాలి. రెండోది, వచ్చే నంబరు కనపడకపోవడం. మన పాత రాగి లైన్ల మీద నంబరు డీటీఎంఎఫ్ పద్ధతిలో వచ్చేది, ఫైబర్ మోడెం ఎఫ్‌ఎస్‌కే అనే వేరే పద్ధతిలో పంపుతూ ఉండొచ్చు. కాలర్ ఐడీ రకం మార్చి మార్చి చూడాలి, ఒక్కోసారి రెండు రింగులు ఆగి ఎత్తేలా పెట్టాలి.

నంబర్లు 201 నుంచి మొదలుపెట్టండి. 101తో మొదలెడితే అది ఫైర్ స్టేషన్ నంబరు. దూది ఉన్న చోట ఆ నంబరు పొరపాటున ఎలక్ట్రీషియన్‌కు మోగకూడదు. 101, 108, 112 ముందు సున్నా కొట్టకుండానే బయటికి పోయేలా రూట్ రాయించి, ఆ రూట్ ల్యాండ్‌లైన్ మీదికే ఉండేలా చూడండి. సరిహద్దులో ఇది మరీ ముఖ్యం. మొబైల్ తెలంగాణ టవరు మీదుంటే అత్యవసర కాల్ అటు కంట్రోల్ రూముకు పోయే అవకాశం ఉంది. ల్యాండ్‌లైన్ అటు పోదు, మహారాష్ట్ర వైపే పలుకుతుంది.

అగ్గి గురించి ఇంకో మాట. 'అన్ని ఫోన్లూ ఒకేసారి మోగే గ్రూపు పెట్టాం' అని ఇన్‌స్టాలర్ అంటాడు. రింగ్ గ్రూపులో మొదట ఎత్తిన మనిషికే మాట వినపడుతుంది, మిగతా ఫోన్లు ఆగిపోతాయి. పత్తిలో రాయో ఇనుపముక్కో వచ్చి జిన్నులో నిప్పు లేచినప్పుడు అందరికీ ఒకేసారి వినపడాలి. దానికి పేజింగ్ గ్రూపు కావాలి, ఎత్తకుండానే స్పీకర్‌లో మాట వచ్చేది. హ్యాండ్‌సెట్లలో ఇంటర్‌కామ్ ఆటో ఆన్సర్ ఆన్ చేసి, యంత్రాలు నడుస్తుండగా నిజంగా కొట్టి చూపించమనండి. జిన్ను హాలు రొదలో స్పీకర్ వినపడదు, అక్కడ వణుకే దిక్కు. అందువల్ల సైరన్‌ను తీసేసి ఫోన్ మీదే ఆధారపడే ఆలోచన ఎవరూ చేయవద్దు.

జతచేయడం తేలిక. బేస్ మీది బటన్‌ను రిజిస్ట్రేషన్ లైటు మిణికేదాకా మూడు నాలుగు సెకన్లు నొక్కి పట్టి, కొత్త హ్యాండ్‌సెట్ తెర మీద కనిపించే రిజిస్టర్ బటన్ కొడితే సరి. పిన్ అడిగితే మొదట 0000. బేస్ ఐపీ చిరునామా హ్యాండ్‌సెట్ స్టేటస్ మెనూలో ఉంటుంది, దాన్ని కంప్యూటర్ బ్రౌజర్‌లో తెరిచి అకౌంట్లు నింపాలి. పాస్‌వర్డునూ పిన్‌నూ ఆ రోజే మార్చాలి. చిరునామాను రౌటర్‌లో స్థిరంగా కేటాయించాలి. లేకపోతే సీసీటీవీ కెమెరా ఒకటి అదే చిరునామా పట్టుకుని ఫోన్లు వచ్చీపోతూ ఉంటాయి. కోడెక్‌లలో (మాటను డేటాగా మార్చే పద్ధతుల్లో) లోపలి కాల్స్‌కు జీ.722, బయటికి జీ.711 ఏ-లా. టైమ్ జోన్ 5:30. ఎకో మోడ్ ఆఫ్, అది బేస్ శక్తిని తగ్గిస్తుంది. కొత్త ఫర్మ్‌వేర్ ఉంటే హ్యాండ్‌సెట్లు పంచకముందే వేయండి, గాలిలో ఒక్కోదానికి ఎక్కడానికి చాలా సేపు పడుతుంది, మధ్యలో తీసుకెళ్లిపోతే మళ్లీ మొదటికే.

హ్యాండ్‌సెట్లలో డబ్ల్యూ73హెచ్ ఆఫీసుకు, కాంటాకు, గేటుకు చక్కగా సరిపోతుంది. 35 గంటల మాట, 400 గంటల నిలకడ అని కంపెనీ లెక్క. పది నిమిషాలు చార్జింగ్ పెడితే రెండు గంటలు మాట్లాడొచ్చంటుంది, గేటు కాపలాకు అది పెద్ద వెసులుబాటు. తెర చిన్నది, 1.8 అంగుళాలు, ఎండలో కొంచెం మసక. దూది దుమ్ములోకి దీన్ని పంపొద్దు, స్పీకర్ చిల్లుల్లో నూగు చేరి నెలల్లోనే గొంతు తగ్గుతుంది. జిన్ను, ప్రెస్సు, యార్డు మనుషులకు డబ్ల్యూ59ఆర్. అది ఐపీ67, దుమ్ము చొరదు, నీళ్లలో పడినా తట్టుకుంటుంది. వణుకు ఉంది, బ్లూటూత్ ఉంది, రొద తగ్గించే హెడ్‌సెట్ కలుపుకోవచ్చు, ఆపదకు విడి బటన్ ఉంది. ఖరీదు ఎక్కువే. అందరికీ అక్కర్లేదు, ముగ్గురు నలుగురికి చాలు. ఆ ముగ్గురికి మాత్రం డబ్బు చూసుకుని వెనకాడొద్దు. చార్జర్లు జిన్ను హాలులో పెట్టకూడదు, నూగు కాంటాక్టుల మీద పేరుకుంటుంది, అది నిప్పుకు దారి. చార్జింగ్ కాంటా గదిలోనో ఆఫీసులోనో. ఫోన్‌బుక్‌లో పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. అవి చదవని మేస్త్రీలకు స్పీడ్ డయల్ పెట్టి, హ్యాండ్‌సెట్ వెనక తెలుగులో, మరాఠీలో పేర్లు రాసిన చిన్న స్టికర్ అంటించండి.

ఇప్పుడు అసలు లోటు. డబ్ల్యూ70బి ఒంటరి బేస్. రెండు బేసులు పెట్టి హ్యాండ్‌సెట్‌ను రెండింటికీ నమోదు చేయొచ్చు గాని, మాట్లాడుతూ ఆఫీసు నుంచి గోదాముకు నడిస్తే కాల్ ఒక బేస్ నుంచి ఇంకోదానికి జారదు, తెగుతుంది. గోదాము ఫోను గోదాములోనే ఉండేట్టయితే పరవాలేదు, రెండు బేసులూ నిశ్చింతగా వాడుకోవచ్చు, ఇరవై ఫోన్ల దాకా జాగా కూడా దొరుకుతుంది. ఫోర్‌మెన్‌లా తిరిగే మనిషికి మాత్రం మల్టీసెల్, అంటే కాల్‌ను తెగకుండా ఒక బేస్ నుంచి ఇంకోదానికి జార్చే సిస్టమ్ కావాలి. యీలింక్‌లోనే డబ్ల్యూ80 రకం 30 బేసులు, 100 హ్యాండ్‌సెట్ల దాకా, డబ్ల్యూ90 రకం 60 బేసులు, 250 హ్యాండ్‌సెట్ల దాకా వెళ్తాయి. అవి మామూలుగా తమ గడియారాల కాలాన్ని రేడియోతో గాలిలోనే కలుపుకుంటాయి కాబట్టి ఒక బేస్ ఇంకో బేస్ మాట బాగా వినగలగాలి. రెండు రేకు షెడ్లలో ఒక్కోటి పెట్టి మధ్యలో ఏమీ లేకపోతే కాలం కలవదు, కాల్ జారదు. మధ్యలో కాంటా గది మీద మూడోది తప్పదు. చాలా కొటేషన్లలో ఆ మూడోది ఉండదు. రిపీటర్ చవక కదా అని దానితో సరిపెడతామంటారు. దాని గుండా ఒకేసారి పోగల కాల్స్ బహు తక్కువ, పైగా అది కూడా బేస్ సిగ్నల్ బాగా అందే చోటే ఉండాలి. గేటు దగ్గర ఒక్క ఫోను కోసమైతే సరే, జిన్ను హాలుకు కాదు.

పోలిక కోసం: గ్రాండ్‌స్ట్రీమ్ డీపీ752 బయలులో 400 మీటర్లని రాస్తుంది, కానీ హ్యాండ్‌సెట్లు 5కే పరిమితం. చిన్న పత్తి కొనుగోలు కేంద్రానికి అది బాగుంటుంది. జిగాసెట్ ఎన్670 ఒక్క బేస్ మీదే 20 హ్యాండ్‌సెట్లు తీసుకుంటుంది, కానీ ఇక్కడ కొనేముందు దాని విడిభాగాలు ఎవరి దగ్గర దొరుకుతాయో తేల్చుకోవాలి.

కొనేది నిజామాబాద్‌లోనా, నాందేడ్‌లోనా అన్నదానికి మా లెక్క ఒకటే, రెండోసారి పిలిస్తే ఎవరు వస్తారు. ధరలో చిన్న తేడా కన్నా అది ముఖ్యం. కొటేషన్‌లోనే నిండు సీజన్‌లో ఒకసారి వచ్చి మళ్లీ నడిచి పరీక్షించాలని, బేస్ జరపాల్సి వస్తే విడిగా కూలి అడగకూడదని రాయించుకోండి. బిల్లు మీద మిల్లు జీఎస్టీ నంబరు ఉండాలి.

పని అయిపోయి సంతకం పెట్టేముందు ఇన్‌స్టాలర్ చేతి నుంచి నాలుగు తీసుకోండి: బేసులు, కేబుల్ దారులు గుర్తించిన ప్లాను, అన్ని పాస్‌వర్డులూ రాసిన కాగితం, పీబీఎక్స్, బేస్ రెండింటి కాన్ఫిగరేషన్ బ్యాకప్ ఫైళ్లున్న పెన్‌డ్రైవ్, ప్రతి తీగ రెండు చివర్లా లేబుల్. సీజన్ మధ్యలో పిడుగుకు బేస్ పోతే కొత్తది తెచ్చి ఆ ఫైలు ఎక్కించి, హ్యాండ్‌సెట్లను ఒక్కొక్కటిగా మళ్లీ జతచేస్తే పూటలో మిల్లు మాట్లాడుతుంది. ఆ ఫైలు లేకపోతే మొదటి రోజు నుంచి మొదలుపెట్టాలి. సీజన్ ముగిశాక హ్యాండ్‌సెట్లను చార్జర్ మీదే నాలుగు నెలలు వదిలేయకండి. సగం చార్జింగ్‌తో ఆపి, బ్యాటరీలు తీసి, కాంటాక్టులను పొడి గుడ్డతో తుడిచి, ఆఫీసు బీరువాలో పెట్టండి. దసరాకు పదిరోజుల ముందు తీసి, ఒక్కోదాన్నీ నిండా చార్జ్ చేసి, మళ్లీ ఒకటి నుంచి వంద దాకా లెక్కపెడుతూ మిల్లంతా ఒకసారి నడవండి.